అనుకోకుండా దొరికిన శని, ఆదివారాలను ఓరుగల్లులో ఎలా గడపాలి

శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు మీ శని, ఆదివారాలు ఉన్నట్టుండి ఖాళీ అయ్యాయనుకుందాం. వెళ్లవలసిన శుభకార్యం వాయిదా పడి ఉండవచ్చు, ఆఫీసులో చేయమన్న పని సోమవారానికి జరిగి ఉండవచ్చు. హైదరాబాదు నుంచి గానీ, కరీంనగర్, ఖమ్మం వైపుల నుంచి గానీ మహా అయితే మూడు గంటల్లో చేరుకోగలిగిన వరంగల్, ఇలా ముందుగా ఏమీ అనుకోకుండా వచ్చేవారికి అనువైన ఊరు. నెల ముందు టికెట్లు తీసుకోవలసిన చోటు ఇక్కడ ఒక్కటీ లేదు. ఊళ్లో చూడవలసినవన్నీ పది పన్నెండు కిలోమీటర్ల లోపలే ఉన్నాయి. ఏ రోజు ఏం చూడాలో ముందే రాసుకోకపోయినా ఫరవాలేదు గానీ, వేళలు తెలియకుండా వస్తే మాత్రం మధ్యాహ్నం పన్నెండింటికి కాళ్లు కాలే రాతి మీద నిలబడి, మూసిన గుడి తలుపులు చూసి, అలసిపోయి తిరిగి వెళ్తారు. హన్మకొండలో ఇరవయ్యేళ్లుగా ఉంటూ, ఫోను చేసిన గంటకే బస్సెక్కే చుట్టాలను తిప్పి తిప్పి నేర్చుకున్న క్రమాన్ని ఇక్కడ రాస్తున్నాను.

బయలుదేరే ముందు పంచాంగం చూడండి

బ్యాగు సర్దుకునే ముందు చూడవలసినది వాతావరణం కాదు, ముహూర్తాలు. మంచి లగ్నాలున్న శని, ఆదివారాల్లో హన్మకొండ, వరంగల్ లాడ్జీలు సగానికి పైగా పెళ్లివారితో నిండిపోతాయి. ఒక శ్రావణ శనివారం మా మేనబావ కుటుంబం కోసం బస్టాండు దగ్గరి ఒక లాడ్జిలో ఫోను మీదే గది చెప్పి ఉంచాను. రాత్రి పదింటికి పిల్లలతో సహా వెళ్లేసరికి, ఆ గదిని మగపెళ్లివారికి ఇచ్చేశామని కౌంటరులోని అబ్బాయి తల కూడా ఎత్తకుండా చెప్పాడు. చివరికి ఆ ఆరుగురూ మా ఇంటి ముందు గదిలోనే చాపలు పరుచుకున్నారు. అందువల్ల ముహూర్తాల రోజుల్లో నోటి మాటను నమ్ముకోకుండా కొంత అడ్వాన్సు పంపి, రసీదు ఫోనులో దగ్గర ఉంచుకోవడం మంచిది.

రెండోది జాతరలు. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకొకసారి మాఘ శుద్ధ పౌర్ణమి రోజుల్లో నాలుగు రోజులపాటు జరుగుతుంది. 2024లో ఫిబ్రవరిలోనూ, 2026లో జనవరి చివరిలోనూ వచ్చింది. జాతర ఆ నాలుగు రోజులే అయినా, రద్దీ తప్పించుకుందామని ముందస్తు మొక్కులకు వెళ్లేవారితో అంతకు కొన్ని వారాల ముందు నుంచే ములుగు రోడ్డు శని, ఆదివారాల్లో కిటకిటలాడుతుంది. మీ ఉద్దేశం జాతర కాకపోతే ఆ రోజుల్లో ఊరు దాటి అటు వెళ్లవద్దు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఐనవోలు మల్లన్న దగ్గర ఆదివారాలు కూడా అంతే.

బతుకమ్మ రోజుల విషయం వేరు. అప్పుడు జనం ఉంటారని మానుకోకుండా, జనం కోసమే రండి. ఎంగిలిపూల బతుకమ్మ నాటి సాయంత్రం వేయిస్తంభాల గుడి ఆవరణ, సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట కింది గుండం చుట్టుపక్కల చూడవలసినవే తప్ప రాసి చెప్పగలిగినవి కావు.

ఎక్కడ దిగాలో ముందే తెలుసుకోండి

బయటివారు వరంగల్ అని ఒక్క మాటలో అనేది నిజానికి కాజీపేట, హన్మకొండ, వరంగల్ అనే మూడు ఊళ్లు ఒక దానికొకటి అతుక్కుని పెరిగిన నగరం. సికింద్రాబాదు నుంచి రైలులో వచ్చేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. కాజీపేట జంక్షను దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఒకటి వరంగల్, ఖమ్మం మీదుగా విజయవాడకు, మరొకటి పెద్దపల్లి, మంచిర్యాల మీదుగా బల్లార్షా వైపుకు వెళ్తుంది. శాతవాహన, గోల్కొండ లాంటి విజయవాడ వైపు బండ్లు వరంగల్ స్టేషనుకు వస్తాయి. కాగజ్‌నగర్ వెళ్లే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ రాదు. అది ఎక్కి కునుకు తీసినవారు కళ్లు తెరిచేసరికి జమ్మికుంట దాటి ఉంటారు. ఏ బండి ఎక్కినా కాజీపేటలో దిగడం క్షేమం, ఎందుకంటే అక్కడి నుంచి హన్మకొండ ఐదారు కిలోమీటర్లే, స్టేషను బయట షేర్ ఆటోలు ఎప్పుడూ ఉంటాయి. రిజర్వేషను దొరకకపోయినా దిగులు పడనక్కరలేదు. జనరల్ టికెట్‌ను ఫోనులోనే తీసుకోవచ్చు గానీ, తీసుకున్న మూడు గంటల్లోపు ప్రయాణం మొదలుపెట్టాలి కాబట్టి ఇంట్లో కూర్చుని పొద్దున్నే తీసిపెట్టుకోవద్దు.

బస్సులో వచ్చేవారికి ఉప్పల్ చౌరస్తా దగ్గర హన్మకొండ బండి కోసం ఎక్కువసేపు నిలబడే అవసరం రాదు. తెలంగాణ వాసులైన మహిళలకు 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు; సూపర్ లగ్జరీ, రాజధాని లాంటి వాటికి ఇది వర్తించదు. గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవడం మరిచిపోకూడదు.

గది ఎక్కడ తీసుకోవాలని అడిగితే హన్మకొండ చౌరస్తా పరిసరాల్లోనే అంటాను. వరంగల్ స్టేషను దగ్గర కొంచెం తక్కువకు దొరకవచ్చు గానీ, హన్మకొండలో ఉంటే తెల్లవారి లేచి వేయిస్తంభాల గుడికి నడిచి వెళ్లవచ్చు, ఆదివారం ములుగు వైపు వెళ్లే బస్సూ అక్కడే ఎక్కవచ్చు.

శనివారం పొద్దున రాతి దగ్గరికి వెళ్లండి

ఆరున్నరకల్లా వేయిస్తంభాల గుడిలో ఉండండి. ఆ వేళకు పూజకు వచ్చిన ఊరివాళ్లు, ప్రదక్షిణలు చేసే పెద్దవాళ్లు తప్ప పర్యాటకులు ఉండరు. రాయి చల్లగా ఉంటుంది, వెలుతురు ఏటవాలుగా పడి చెక్కడాలు లోతుగా కనిపిస్తాయి. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన ఈ ఆలయం త్రికూటం, అంటే శివుడు, విష్ణువు, సూర్యుడు అనే ముగ్గురికీ మూడు గర్భాలయాలు ఒకే రంగమండపం చుట్టూ ఉంటాయి. వేయి స్తంభాలు లెక్కపెట్టాలని కూర్చోవద్దు. పెద్ద స్తంభాలతో పాటు గోడల్లో, జాలీల్లో కలిసిపోయిన చిన్నవన్నీ చేరిస్తేనే ఆ లెక్క అని ఇక్కడివారు చెప్తారు. దానికి బదులు రంగమండపంలోని ఒక్క స్తంభం దగ్గర ఐదు నిమిషాలు ఆగి, దాన్ని కింది నుంచి పైకి చూడండి. చదరంగా మొదలైన రాయి కొంత ఎత్తులో గుండ్రమై, కుమ్మరి సారె మీద తిప్పిన కుండ మెడలాగా పలుచని వలయాలు వలయాలుగా తేలి, మళ్లీ చదరమై దూలాన్ని మోస్తుంది. ఆ వలయాల అంచు మీద వేలు పెట్టి జరిపితే ఎక్కడా గరుకు తగలదు. పక్కవారి ముఖం ఆ నునుపులో మసకగా కనిపిస్తుంది కూడా.

ఆలయానికి ఎదురుగా ఒకే నల్లరాతిలో మలిచిన నంది, దాని అవతల కల్యాణమండపం ఉన్నాయి. కుంగిపోతున్న ఆ మండపాన్ని విప్పి, పునాది నుంచి తిరిగి నిలబెట్టే పని మొదలై పదిహేనేళ్లకు పైగా సాగింది. నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో అక్కడ అంకెలు రాసిన రాళ్ల కుప్పలే ఉండేవి, మా పిల్లలు ఆ అంకెలు చదువుతూ ఆడుకునేవారు. 2024 మార్చిలో మహాశివరాత్రికి అది మళ్లీ తెరుచుకుంది. ఇదివరకు ఎప్పుడో చూసేశామనుకునేవారు ఇప్పుడు ఇంకోసారి రావడానికి ఇది చాలు.

ఎనిమిదింటికి బయటికి వచ్చి, చౌరస్తా వైపు ఏ బండి దగ్గర జనం నిలబడి తింటున్నారో అక్కడ ఇడ్లీయో, మైసూరు బజ్జీయో తినేయండి. తర్వాత ఆటోలో భద్రకాళి గుడికి వెళ్లాలి. హన్మకొండకూ వరంగల్‌కూ నడుమ, చెరువు ఒడ్డున ఉన్న ఈ గుడిని మధ్యాహ్నం కొన్ని గంటలు మూసేస్తారు కాబట్టి పదకొండు లోపు దర్శనం పూర్తయ్యేలా చూసుకోండి. శుక్రవారాల్లోనూ, శరన్నవరాత్రుల్లోనూ వరుస చాలా పొడవుగా ఉంటుంది, మామూలు శనివారం అంత ఉండదు. కట్ట మీద నడక మాత్రం ఈ పూట వద్దు, ఎండలో ఆ దారిన నీడ తక్కువ.

మధ్యాహ్నం ఏమీ చూడకండి

ఈ మెట్టునే ఎక్కువమంది తప్పుతారు. వచ్చిందే రెండు రోజులకు కదా, ఒక్క గంట కూడా పోగొట్టుకోకూడదని పన్నెండింటికి ఖిలా వరంగల్‌కు వెళ్తారు. చైత్ర వైశాఖాల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, చెప్పులు విప్పి నడవవలసిన చోట రాయి పెనం అవుతుంది. భోజనం చేసి రెండు గంటలు పడుకోవడమే ఆ వేళకు తగిన పని. పడుకోలేనివారికి రెండు దారులు చెప్తాను. పుస్తకాల మీద ప్రేమ ఉంటే 1904లో హన్మకొండలో స్థాపించిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం దాకా వెళ్లి రండి. నిజాం పాలనలో తెలుగు చదువుకు చోటు కరువైన రోజుల్లో పుట్టిన గ్రంథాలయం అది, తలుపు తెరిచి ఉంటే కాసేపు కూర్చోవచ్చు. కొనుగోలు మీద మనసుంటే వరంగల్‌లోని కొత్తవాడకు వెళ్లండి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ డర్రీలు, అంటే మనం తివాచీలు, జంపఖానాలు అనుకునేవి, ఆ వాడలో మగ్గాల మీద నేస్తారు. కొనకపోయినా చూడనిస్తారు గానీ, నేసే మనిషి చేతికి అడ్డం నిలబడి ఫొటోలు తీయడం మర్యాద కాదు. చిన్నపిల్లలున్నవారు హంటర్ రోడ్డులోని జూ పార్కుతో సరిపెట్టుకోవచ్చు.

సాయంత్రం నాలుగింటికి కోట

వరంగల్ స్టేషను దగ్గరి నుంచి ఆటో మాట్లాడుకునేటప్పుడు "ఖిలాకు పోవాలె అన్నా, తోరణాల కాడ దింపు" అని చెప్పండి. ఉత్త కోట అంటే, లోపల ఒక ఊరే ఉంది కనుక, ఎక్కడ దించాలో అతనికీ తెలియదు. మట్టికోట, రాతికోట అని ఇక్కడివారు అనే ప్రాకారాలను దాటుకుంటూ రోడ్డు లోపలికి పోతుంది. రాతికోట ద్వారం దగ్గర దారి నేరుగా ఉండదు, ఒకవైపు తిరిగి మళ్లీ ఇంకోవైపు మలుపు తీసుకుంటుంది. ఏనుగులతో, గుర్రాలతో వచ్చే శత్రువు ఒకే ఊపున దూసుకుపోకుండా చేసిన ఏర్పాటు అది. నేడు ఆ మలుపులో ఎదురుపడిన రెండు ట్రాక్టర్లలో ఏదో ఒకటి వెనక్కి పోక తప్పదు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి యుక్తి ఇంకా పనిచేస్తోందని నేను ప్రతిసారీ నవ్వుకుంటాను.

తోరణాల ఆవరణకు టికెట్ ఉంది, గేటు దగ్గరే తీసుకోవచ్చు. లోపల నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు, నడుమ ఒకప్పుడు స్వయంభూ శివాలయం ఉన్న చోట విరిగిన స్తంభాలు, నందులు, చెక్కిన దూలాలు పరిచి ఉంటాయి. తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో మీరు రోజూ చూసే తోరణం ఇదే. గణపతిదేవుడు, రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు ఏలిన ఈ కోట 1323లో ఢిల్లీ సైన్యానికి చిక్కింది. గుడి నేలమట్టమైనా తోరణాలు నాలుగూ నిలిచే ఉన్నాయి. గైడును పెట్టుకోకపోయినా ఒక పని చేయండి: ఒక తోరణం కింద నిలబడి ఎదుటి తోరణంలోంచి చూడండి. నడుమ లేని గుడి ఎంత పెద్దదో అప్పుడు అంచనాకు వస్తుంది. పైన దూలం మీది హంసలను చూడడానికి మెడ వెనక్కి వాల్చాలి, కనుక పొద్దు వెనకవైపు ఉండేలా నిలబడండి.

అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే ఖుష్ మహల్ ఉంది. ఒకప్పుడు వరంగల్‌ను ఏలిన షితాబ్‌ఖాన్ పేరుతో ముడిపెట్టి చెప్పుకునే ఈ కట్టడం గోడలు పైకి పోయే కొద్దీ లోపలికి వాలి ఉంటాయి, లోపల ఎత్తైన కమానుల కింద ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. పొద్దు వాలే సమయానికి ఏకశిల గుట్ట చేరుకోండి. ఓరుగల్లు, ఏకశిలానగరం అన్న పేర్లు ఈ ఒంటి రాతి గుట్టను బట్టే వచ్చాయంటారు. పైకి ఎక్కితే కోట గుండ్రంగా ఎలా పరుచుకుందో, లోపల పొలాలు, ఇళ్లు, గుడుల శిథిలాలు ఎలా కలిసిపోయాయో ఒక్క చూపులో తెలుస్తుంది. వాన పడిన రోజు మాత్రం ఎక్కవద్దు, రాయి జారుతుంది. కోటలో రాత్రి శబ్దకాంతుల ప్రదర్శన ఆ రోజు ఉందో లేదో టికెట్ ఇచ్చే చోటే అడిగి తెలుసుకోండి. చీకటి పడ్డాక తిరుగు ఆటోలు తగ్గుతాయి, తెచ్చిన ఆటోనే ఆగమని మాట్లాడుకుంటే కొంచెం ఎక్కువ అయినా నిశ్చింత.

రాత్రి ఏం తినాలి

బిర్యానీ ఎక్కడైనా దొరుకుతుంది. వరంగల్ రాత్రికి జొన్నరొట్టెలు తగినవి. సాయంత్రమయ్యేసరికి రోడ్ల పక్కన ఆడవాళ్లు కట్టెల పొయ్యి పెట్టి, పిండిని అరచేతులతోనే తట్టి కాల్చి ఇస్తారు. పక్కన పచ్చడో, కూరో ఉంటుంది. ఎవరింటికైనా వెళ్లే వీలుంటే సర్వపిండి అడగండి. సర్వప్ప, గిన్నప్ప, తపాలచెక్క అని ఇంటికో పేరున్న ఈ పిండివంటకు బియ్యప్పిండిలో నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, ఉల్లిపొరక, కారం కలిపి ముద్ద చేస్తారు. మా అత్తమ్మ ఆ ముద్దను అడుగు మందమైన గంజు లోపలి గోడకంతా వేళ్లతో పలుచగా అద్ది, చూపుడు వేలితో అక్కడక్కడ చిల్లులు పొడిచి, ఒక్కో చిల్లులో ఒక్కో చుక్క నూనె వేసి, మూత పెట్టి సన్నని సెగ మీద వదిలేస్తుంది. పదిహేను నిమిషాలకు గంజు అడుగున చిటపటలు ఆగిపోతాయి. అప్పుడే దించాలి. ఇంకోటి వెంటనే వేయాలంటే గంజును నీళ్లలో ముంచి చల్లార్చాలి, అందుకే ఓపిక ఉన్న ఇళ్లలో రెండు గంజులు పెట్టుకుంటారు. చుట్టాలు లేనివారికి కొన్ని పిండివంటల దుకాణాల్లో దొరుకుతుంది గానీ, వేడి తగ్గిన సర్వపిండి బిగుసుకుపోతుంది. సకినాలు చల్లబడినా పాడవవు కాబట్టి ఇంటికి పట్టుకెళ్లడానికి అవి మేలు.

ఆదివారం ఏ దారి?

శనివారం రాత్రి పడుకునే ముందు ఒక నిర్ణయం తీసుకోవాలి: రామప్పకు వెళ్లాలా, ఊళ్లోనే ఉండాలా? తెల్లవారి ఆరు లోపు బయలుదేరగలిగితేనే రామప్ప పెట్టుకోండి. హన్మకొండ నుంచి ములుగు మీదుగా, రామప్ప గుడి ఉన్న పాలంపేట దాదాపు 70 కిలోమీటర్లు. ములుగు దాకా బస్సులకు కొదవ లేదు, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవచ్చు. కారులో వెళ్లేవారు ములుగుకు ముందు గట్టమ్మ తల్లి గుడి దగ్గర బండ్లన్నీ ఆగుతుంటే కంగారు పడనక్కరలేదు. ఈ దారిలో పోయేవారు ఆమెకు మొక్కకుండా ముందుకు కదలరు.

గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ రామలింగేశ్వరాలయానికి, జనం మాత్రం చెక్కిన శిల్పి పేరే పెట్టుకున్నారని చెప్తారు. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. నీటిలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టిన శిఖరం, ఇసుక నింపిన పునాది గురించి గైడు ఎలాగూ చెప్తాడు. మీరు సొంతంగా చూడవలసినవి చూరు కింద ఏటవాలుగా నిలిచిన నల్లరాతి మదనికలు, అంటే నాట్యగత్తెల బొమ్మలు. గుడి ఒళ్లంతా ఎర్రని ఇసుకరాయి కావడంతో అవి మరింత నల్లగా నిగనిగలాడుతాయి. అందులో ఒకామె ఎత్తు మడమల పాదరక్షలు తొడుక్కుని ఉంటుంది, పిల్లలకు వెతకమని చెప్తే అరగంట మీకు తీరిక దొరుకుతుంది. జాయప సేనాని నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్ర గ్రంథంలో వర్ణించిన నాట్యభంగిమలను నాట్యం నేర్చినవారు ఇక్కడి గోడల మీద గుర్తుపడతారు. పదకొండుకల్లా ముగించి తిరిగి బయలుదేరండి. ఇంత దూరం వచ్చాం కదా అని లక్నవరం కూడా కలపవద్దు. ఆ చెరువు, వేలాడే వంతెన, దీవులు ఒక పూర్తి రోజును కోరుకుంటాయి. ఆదివారం మధ్యాహ్నం అక్కడ వంతెన మీద నడిచేది తక్కువ, నిలబడేది ఎక్కువ.

ఆలస్యంగా లేచేవారికి, పెద్దవాళ్లను వెంట తెచ్చుకున్నవారికి ఊళ్లో ఉండడమే నయం. పద్మాక్షి గుట్ట మెట్లు పొద్దున్నే ఎక్కండి. నేడు అమ్మవారి గుడిగా పూజలందుకునే ఇది మొదట బసది, అంటే జైనుల గుడి. కాకతీయ రెండవ ప్రోలరాజు కాలంలో మంత్రి బేతన భార్య మైలమ కట్టించినట్టు చెప్పే 1117 నాటి శాసనం ఇక్కడే ఉంది; నల్లరాతి స్తంభం మీద, గుట్ట రాతి మీద తీర్థంకరుల మూర్తులు కనిపిస్తాయి. పక్కన పసుపు కుంకుమలు, ఎదుట దిగంబర తీర్థంకరుడు. ఎవరూ ఎవరినీ తప్పుకోమన్నట్టు అనిపించదు. దిగి వచ్చి మిగిలిన పూటను భద్రకాళి కట్ట మీద సాయంత్రం నడకకు దాచుకోండి, నిన్న వద్దన్నది ఇందుకే.

ఎనుమాముల మార్కెట్ చూడాలని అడిగేవారు ఉంటారు. ఆదివారం దానికి సెలవు. మిర్చి కాలంలో, అంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు వచ్చి, సోమవారం పొద్దున దాకా ఆగగలిగినవారే ఆ ఎర్రని బస్తాల వీధులు చూడగలరు. ముక్కుకు రుమాలు తప్పనిసరి.

తిరుగు ప్రయాణం

ఆదివారం సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా ఉప్పల్ బస్సుల్లో హైదరాబాదులో చదివే పిల్లలు, ఉద్యోగస్తులు నిండిపోతారు. కాజీపేట చౌరస్తాలో నిలబడి ఎక్కితే సీటు దొరకదు, వెనక్కి ఐదారు కిలోమీటర్లు పోయినా సరే హన్మకొండ బస్టాండులోనే ఎక్కండి. నాలుగున్నరకు బయలుదేరగలిగితే ఇంకా మంచిది. సొంత కారులో వెళ్లేవారు జనగామ దాటాక పెంబర్తి దగ్గర ఆగి, అక్కడి ఇత్తడి పనివారి దుకాణాల్లో ఒక దీపపు కుందెనో, గంటనో చూసుకోవచ్చు. ఆ పనికీ భౌగోళిక గుర్తింపు ఉంది. పగటిపూటే ఆగండి, ఇత్తడి మీద చెక్కడం ట్యూబులైటు కింద సరిగా కనిపించదు. సోమవారం ఆఫీసుకు నేరుగా వెళ్దామనుకునేవారు ఆదివారం రాత్రి కూడా ఇక్కడే పడుకుని, తెల్లవారుజామున నాలుగున్నర, ఐదు మధ్య మొదటి బస్సుల్లో ఒకదాన్ని పట్టుకోవచ్చు. రాత్రే ఆటో అతని నంబరు తీసుకుని ఉంచుకోండి, ఆ వేళకు రోడ్డు మీద దొరకడు.